డాన్యూబ్ మీద ఏడు రాత్రులు: పగలు ఎంత దక్కుతుందో అడిగి కొనండి

యూరప్‌లో ఏటి మీద ప్రయాణానికి లక్షలు పోసి ఏరు చూడకుండా తిరిగొచ్చినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. అందులో మొదటివాణ్ని నేనే. మొదటిసారి వెళ్లినప్పుడు బాల్కనీ ఉన్న గది కావాలని అదనంగా కట్టాను. పొద్దున లేచేసరికి ఓడ ఏదో ఒక రేవులో కట్టేసి ఉండేది. పగలంతా ఊళ్లో తిప్పేవాళ్లు. రాత్రి భోజనాలయ్యాక కట్లు విప్పి బయల్దేరేవాళ్లు. అంత డబ్బు పోసిన బాల్కనీలోంచి నాకు కనిపించిందల్లా చీకటి, మధ్యమధ్యలో లాకుల కాంక్రీటు గోడ.

రెండోసారి అమ్మానాన్నల్ని తీసుకెళ్లాను. ఆసారి అడగాల్సినవన్నీ ముందే అడిగాను. ఆ ప్రశ్నలూ, వాటి వెనక ఉన్న కారణాలూ మీకోసం వరసగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. పాపికొండల లాంచీ ఎక్కినవాళ్లు అదే పెద్దదై ఉంటుందనుకుంటారు. కాదు. పాపికొండలకి వెళ్లేది ఏరు చూడ్డానికి. ఇక్కడ ఓడ మీకు హోటలు, పైగా బస్సు. పెట్టె ఒక్కసారే విప్పుతారు, ఊరు మాత్రం రోజుకొకటి మారుతుంది. సముద్రపు క్రూయిజ్‌తో కూడా పోల్చకండి. అందులో వేలమంది ఉంటారు, స్విమ్మింగ్ పూళ్లు, కాసినోలు, పిల్లల ఆటలు ఉంటాయి. నది ఓడలో సాధారణంగా 190 మందికి మించరు. సాయంత్రం ఒకాయన పియానో వాయిస్తాడు, అంతే సందడి. వైకింగ్ లాంటి కంపెనీలు 18 ఏళ్లలోపు వాళ్లని అసలు ఎక్కించుకోవు. చిన్నపిల్లలున్న ఇంటికి ఇది తగిన సెలవు కాదని నా అభిప్రాయం. అరవై దాటిన అమ్మానాన్నలకీ, తీరిగ్గా నడిచే దంపతులకీ మాత్రం బాగా కుదురుతుంది. కడుపులో తిప్పుతుందన్న భయం అక్కర్లేదు. ఓడ కదిలిందో లేదో కిటికీలోంచి చూస్తే గానీ తెలియదు.

మొదట నదిని ఎంచుకోండి

రైన్ నది మీద సాధారణంగా ఆమ్‌స్టర్‌డామ్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాజెల్ దాకా, లేదా అటునుంచి ఇటు తీసుకెళ్తారు. బింగెన్‌కీ కోబ్లెంజ్‌కీ మధ్య 65 కిలోమీటర్ల లోయ దానికి ఆయువుపట్టు. రెండు వైపులా కొండలు, కొండకో కోట, మలుపులో 132 మీటర్ల లోరెలై బండ. సెన్ నది పారిస్ నుంచి నార్మండీ వైపు వెళ్తుంది. రోన్ నది లియాన్ నుంచి దక్షిణ ఫ్రాన్సుకి దిగుతుంది. ద్రాక్షతోటలూ, రోమన్ల నాటి కట్టడాలూ ఇష్టమైతే అది. పోర్చుగల్‌లో డోరో ఉంది. దాని మీద రాత్రిపూట ప్రయాణికుల ఓడలు నడవవు, అంటే కదిలేదంతా పగలే. ఏరు చూడ్డానికే వెళ్లేవాళ్లకి అంతకంటే మంచి నది లేదు. కానీ జులై, ఆగస్టుల్లో ఆ లోయ మన కోస్తా ఎండని గుర్తు చేస్తుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది డాన్యూబ్, అందులోనూ జర్మనీలోని పస్సావ్ నుంచి హంగరీ రాజధాని బుడాపెస్ట్ దాకా. బ్లాక్ ఫారెస్ట్‌లో పుట్టి పది దేశాలు దాటి నల్లసముద్రంలో కలిసే 2,850 కిలోమీటర్ల నది ఇది. మనం చూసేది అందులో సుమారు 580 కిలోమీటర్లు. గట్టు మీద కిలోమీటరు పలకలు కనిపిస్తాయి. పస్సావ్ దగ్గర 2,226, బుడాపెస్ట్‌లో 1,647. ఏటివాలున పోతుంటే అంకెలు తగ్గుతాయేమిటని మా నాన్న అడిగారు. రైన్ లాంటి నదుల్ని ఎగువ నుంచి లెక్కపెడతారు. డాన్యూబ్‌ని సముద్రం దగ్గర సున్నా పెట్టి వెనక్కి కొలుస్తారు.

ఈ ముక్కనే ఎంచుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, జర్మనీ, ఆస్ట్రియా, స్లొవాకియా, హంగరీ నాలుగూ షెంజెన్ దేశాలే కాబట్టి ఒక్క వీసా చాలు. రెండోది నీళ్ల సంగతి. దాని దగ్గరికి వస్తాను.

ఏజెంటుని అడగాల్సిన మొదటి ప్రశ్న

"ఈ ఏడు రోజుల్లో సూర్యుడు ఉండగా ఓడ ఎన్ని గంటలు నడుస్తుంది? ఏయే ఊళ్ల మధ్య?"

చాలామంది ఏజెంట్లు దీనికి తడబడతారు. మీరే రోజువారీ కార్యక్రమం తెప్పించుకుని, ఏ రోజు ఎన్నింటికి కట్లు విప్పుతారో, ఎన్నింటికి కడతారో చూసి గంటలు కూడుకోండి. ఈ దారిలో తప్పకుండా చూడాల్సినవి మూడు చోట్లు.

మొదటిది ఆస్ట్రియాలోని వాఖావ్ లోయ. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ముప్పై అయిదు కిలోమీటర్ల పైచిలుకు. 2000లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు, రాతిగోడలు, మధ్యలో డ్యూర్న్‌స్టైన్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్లో చర్చి గోపురానికి లేత నీలం రంగు. పైన కొండ మీద పాడుపడ్డ కోట. ఇంగ్లండు రాజు సింహహృదయుడు రిచర్డు 1192లో పట్టుబడ్డాక ఆయన్ని బంధించింది ఆ కోటలోనే. ఈ లోయని ఓడ రాత్రి దాటేసి, మర్నాడు మిమ్మల్ని బస్సులో మళ్లీ అక్కడికి తీసుకెళ్లే ప్యాకేజీలు కూడా ఉన్నాయి. అలాంటివి కొనకండి.

రెండోది పస్సావ్ దాటాక ష్లోగెన్ దగ్గర నది పూర్తిగా వెనక్కి తిరిగే మెలిక. చాలా ఓడలు దీన్ని రాత్రే దాటేస్తాయి, పగలు దొరికితే అదృష్టం. మూడోది మాత్రం చీకట్లోనే చూడాలి: బుడాపెస్ట్ దీపాలు. కంపెనీలన్నీ దీన్ని కావాలనే రాత్రికి పెడతాయి, ఆ విషయంలో వాళ్లకి దండం పెట్టాలి.

వాలుకి పోవాలా, ఎదురు పోవాలా అన్నది కూడా ఆలోచించుకోండి. గోదావరి మీద తిరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఎదురెక్కే పడవ నెమ్మది. క్రెమ్స్ నుంచి మెల్క్‌కి ఎగువకు వెళ్తే మూడు గంటలకి దగ్గరగా పడుతుంది, దిగువకైతే రెండు గంటలు కూడా పట్టదు. చూసేవాడికి నెమ్మదే లాభం. అందుకని అదే ధరకి బుడాపెస్ట్‌లో ఎక్కి పస్సావ్‌లో దిగే ప్యాకేజీ దొరికితే నేను దానికే ఓటేస్తాను. కానీ ప్రయాణం చివర బుడాపెస్ట్ దీపాలతో ముగియాలని మా అమ్మ పట్టు పట్టింది, ఇంట్లో మాటే చెల్లింది.

నెలని ఎంచుకునేటప్పుడు నీటిని చూడండి

బ్రోషర్లు పెద్దగా మాట్లాడని సంగతి ఇది. ఈ ఓడలు 135 మీటర్ల పొడవు, 11.4 మీటర్ల వెడల్పు. లాకుల్లో దూరాలి కాబట్టి ఆ కొలతలు. ధవళేశ్వరం లాకుల్లో పడవ లోపలికెళ్లాక తలుపులు మూసి నీళ్లు నింపడం చూసినవాళ్లకి ఈ పని కొత్తేమీ కాదు. సూత్రం ఒకటే, గోడలు మాత్రం చాలా ఎత్తు. ఓడ కింద నీళ్లు తగ్గితే అడుగు తగులుతుంది. నీళ్లు పెరిగితే వంతెన కింద పట్టదు. రెంటిలో ఏది జరిగినా ఓడ ఆగిపోతుంది.

2018లోనూ, 2022లోనూ యూరప్‌లో ఎండలకి రైన్ బాగా ఎండింది. కౌబ్ అనే ఊరి దగ్గర నీటిమట్టం ఎంత అన్నది అప్పట్లో వార్తల్లో రోజూ చెప్పేవాళ్లు. 2013 జూన్‌లో పస్సావ్‌లో డాన్యూబ్ 12.89 మీటర్లకి లేచి పాత ఊరిని ముంచేసింది. 2024 సెప్టెంబరులో ఆస్ట్రియాలో వరదలొచ్చి ఓడలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. పస్సావ్ పాత టౌన్‌హాలు గోడ మీద ఏ యేడు నీళ్లు ఎంతదాకా వచ్చాయో గీతలు గీసి ఉంటాయి. 1986లో గోదావరి భద్రాచలంలో 75.6 అడుగులకి వచ్చినప్పటి కథలు వింటూ పెరిగినవాణ్ని కాబట్టి ఆ గోడ దగ్గరే అరగంట నిలబడిపోయాను. మిగతా గుంపు చర్చిలోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు రెండో కారణం. డాన్యూబ్ ప్యాకేజీలు కొన్ని న్యూరెంబర్గ్ నుంచో రెగెన్స్‌బర్గ్ నుంచో మొదలవుతాయి. అక్కణ్నుంచి పస్సావ్‌కి వచ్చే దారిలో స్ట్రాబింగ్, విల్స్‌హోఫెన్‌ల మధ్య ఆనకట్టలు లేవు, నీళ్లు నిలవవు. ఎండలు ముదిరితే ముందు చిక్కుపడేది అక్కడే. పస్సావ్‌లో ఎక్కితే ఆ ముక్క తప్పుతుంది. బెంగ పూర్తిగా తీరిందని కాదు, వాఖావ్‌లోనూ, వియన్నా దాటాకా ఆనకట్ట లేని చోట్లు ఇంకా ఉన్నాయి.

దారి మూసుకుపోతే కంపెనీలు సాధారణంగా ఓడల్ని మారుస్తాయి. అవతలివైపు అదే రకం ఓడ ఇంకోటి ఆగి ఉంటుంది. ఇటువాళ్లని బస్సుల్లో అటు, అటువాళ్లని ఇటు చేరవేసి, అదే నంబరు గది ఇస్తారు. అది మర్యాదగా జరిగితే పెద్ద నష్టం లేదు. కొన్నిసార్లు మూడు రోజులు బస్సులోనే గడుస్తాయి. ఒప్పందంలో చిన్న అక్షరాల్లో "నీటిమట్టం కారణంగా కార్యక్రమం మారవచ్చు, డబ్బు వాపసు లేదు" అన్న మాట దాదాపు అందరిదీ ఉంటుంది. డబ్బు కట్టే ముందు ఆ పేరా చదవండి. మీరు తీసుకునే ప్రయాణ బీమా దీన్ని భరిస్తుందో లేదో కూడా రాతపూర్వకంగా అడగండి.

ఇక నెలలు. మే, జూన్ నా ఎంపిక. జూన్‌లో వియన్నాలో రాత్రి తొమ్మిదింటికి గానీ పొద్దు గూకదు. భోజనం ముగించి పైకెక్కినా ఇంకా వెలుగుంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో ద్రాక్షకోతలు, ఆకులు రంగు మారడం బాగుంటాయి, కాకపోతే నీళ్లు తగ్గే కాలం కూడా అదే. నవంబరు చివర నుంచి క్రిస్మస్ సంతలు. అవి ముచ్చటైనవే, కానీ నాలుగింటికల్లా చీకటి పడుతుంది, ఏరు చూస్తామన్న ఆశ వదులుకోవాలి. పస్సావ్ కాక ఆమ్‌స్టర్‌డామ్ వైపు తులిప్ పూలే మీ గురి అయితే మార్చి చివర నుంచి మే మొదటి వారాల లోపు వెళ్లాలి.

గది

అట్టడుగు అంతస్తు గదుల్లో కిటికీ నీటికి కాస్త పైన ఉంటుంది, తెరుచుకోదు. చవక అదే. పై అంతస్తుల్లో "ఫ్రెంచ్ బాల్కనీ" అని రాసి ఉంటే మోసపోకండి; అది బాల్కనీ కాదు, పక్కకి జరిపే అద్దం తలుపు, దానికి అడ్డంగా ఒక కమ్మీ. కుర్చీ వేసుకునే చోటుండదు.

ఇంకో విషయం కూడా ఎవరూ చెప్పరు. రేవుల్లో చోటు చాలక ఓడల్ని పక్కపక్కన ఆనించి కడతారు. మీ బాల్కనీ తెర తీస్తే రెండడుగుల దూరంలో ఇంకో ఓడవాళ్లు పళ్లు తోముకుంటూ కనిపిస్తారు. ఓడ నడిచేటప్పుడు అందరూ పైన డెక్ మీదే ఉంటారు, అక్కడ ధర అందరికీ ఒకటే. అందుకే నా సలహా: గది మీద మిగిల్చి, ఆ డబ్బుతో చివర బుడాపెస్ట్‌లో ఇంకో రెండు రోజులుండండి. అట్టడుగైనా సరే, వెనక కొస గదులు మాత్రం వద్దు. ఇంజను చప్పుడు అక్కడే. ముందు కొసన రేవు దగ్గరికొచ్చేటప్పుడు గరగరమంటుంది. మధ్య గది అడగండి.

ఒంటరిగా వెళ్లేవాళ్లు ఇద్దరి గదికి అదనపు రుసుము కట్టాల్సి వస్తుంది. కొన్ని తేదీలకి కంపెనీలు దాన్ని ఎత్తేస్తాయి, అడిగితేనే చెబుతాయి.

డబ్బు లెక్క

ధర చూసి పోల్చకండి, ఆ ధరలో ఏముందో చూసి పోల్చండి. గది, మూడుపూటలా భోజనం, రోజుకో ఊరి తిప్పుడు దాదాపు అందరూ ఇస్తారు. భోజనంతోపాటు వైను, బీరు కొందరు కలుపుతారు. తాగనివాళ్లకి అది దండగ. విమానం, విమానాశ్రయం నుంచి ఓడకి చేర్చడం, సిబ్బందికిచ్చే టిప్పులు ఉన్నాయో లేదో చూడండి. టిప్పులు విడిగా అయితే సాధారణంగా మనిషికి రోజుకు 10 నుంచి 15 యూరోల మధ్య సూచిస్తారు. ఇద్దరికి ఏడు రోజులంటే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. ఇండియా నుంచి ఏజెంటు ద్వారా కొంటే టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు, కానీ చేతిలోంచి ముందు పోతుంది కాబట్టి లెక్కలో వేసుకోండి.

వీసా

ఏ దేశానికి దరఖాస్తు చేయాలి? ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఓడ రాత్రిళ్లు సరిహద్దులు దాటేస్తుంది కాబట్టి ఇక్కడే తికమక. పస్సావ్ నుంచి బుడాపెస్ట్ దారిలో లింజ్, మెల్క్, డ్యూర్న్‌స్టైన్, వియన్నా అన్నీ ఆస్ట్రియావే, కాబట్టి సాధారణంగా ఆస్ట్రియా అవుతుంది. చివర బుడాపెస్ట్‌లో మూడు నాలుగు రోజులు కలిపితే హంగరీ కావచ్చు. ఏ రాత్రి ఓడ ఎక్కడ ఉంటుందో కంపెనీ దగ్గర లెటరు తీసుకుని జతచేయండి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. 15 రోజులన్నది కాగితం మీది మాట. చాలా కంపెనీలు బయల్దేరడానికి మూడు నెలల ముందే మొత్తం సొమ్ము కట్టమంటాయి, కాబట్టి ఆ గడువు లోపే వీసా చేతికొచ్చేలా అయిదు నెలల ముందే మొదలుపెట్టండి. రుసుము 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి 90 యూరోలు. బీమా కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకి ఉండాలి. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలలు చెల్లుతాయి.

బుడాపెస్ట్ దాటి దిగువకు, సెర్బియా మీదుగా వెళ్లే ప్యాకేజీ అయితే జాగ్రత్త. సెర్బియా షెంజెన్‌లో లేదు. దాంట్లోకి వెళ్తే షెంజెన్ బయటికి వెళ్లినట్టే, మళ్లీ రొమేనియాలోకి రావడానికి ఒకటికంటే ఎక్కువసార్లు లోపలికి రానిచ్చే (మల్టిపుల్ ఎంట్రీ) వీసా కావాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకి: గ్రీన్‌కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టు మీదైతే షెంజెన్ వీసా కావాల్సిందే. హెచ్‌1బీ వాళ్లు తిరిగి అమెరికాలో అడుగుపెట్టడానికి పాస్‌పోర్టులో స్టాంపు గడువు ఉందో లేదో ఓడ టికెట్టు కొనకముందే చూసుకోండి.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

పచ్చళ్ల దగ్గర మనవాళ్లు ఆగరు కాబట్టి నియమం చెబుతాను. మాంసం, పాల సరుకు యూరోపియన్ యూనియన్ బయటినుంచి తీసుకురాకూడదు. అంటే నెయ్యి, కోవా, కోడి పచ్చడి, మాంసం పచ్చడి వద్దు. గోంగూర, ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి నిక్షేపంలా తీసుకెళ్లండి, నూనె కారకుండా రెండు సంచుల్లో కట్టి చెక్-ఇన్ పెట్టెలో వేయండి. పచ్చి కరివేపాకు రెమ్మలు, మామిడిపళ్లు ధ్రువపత్రం లేకుండా పనికిరావు. అరటిపళ్లు, కొబ్బరికాయ, ఖర్జూరం మీద మాత్రం ఆ పేచీ లేదు.

గదిలో కెటిలు, రైస్ కుక్కరు లాంటి వేడిచేసే వస్తువులు ఓడవాళ్లు ఒప్పుకోరు, నిప్పు భయం. ప్లగ్గులు గుండ్రటి రెండు పుల్లలవి. మన ఫోను ఛార్జర్లు చాలావరకు పడతాయి, మూడు పుల్లలవాటికి అడాప్టరు కావాలి.

పొరలుపొరలుగా వేసుకునే బట్టలు, వాన కోటు, అన్నిటికంటే ముఖ్యంగా అడుగు మెత్తగా ఉన్న పాత బూట్లు. కొత్తవి వద్దు. ఈ ఊళ్లన్నీ గుండ్రాళ్లు పరిచిన వీధులు. బుడాపెస్ట్ వేడినీటి స్నానాలకి వెళ్తే ఈత దుస్తులు తప్పనిసరి.

భోజనం గురించి ముందే చెప్పండి

బుకింగు చేసేటప్పుడే శాకాహారమని రాయించండి, ఎక్కిన మొదటి సాయంత్రం హోటలు మేనేజరుకి మళ్లీ మొహం చూపించి చెప్పండి. శాకాహారం అంటే అక్కడ కొందరికి చేప పరవాలేదు. సూపు కూరగాయలదే అయినా కాచింది మాంసం రసంలో కావొచ్చు, సలాడ్‌లో పంది మాంసం ముక్కలు చల్లుతారు. ఊళ్లో తినాల్సి వస్తే జర్మన్‌లో ఈ మాట బట్టీపట్టండి: "ఇష్ ఎస్సే కైన్ ఫ్లైష్ ఉంట్ కైనెన్ ఫిష్." మాంసం తినను, చేప తినను అని. అమ్మ మా ఓడలో వంటాయనకి కందిపొడి రుచి చూపించింది. ఆయన దాన్ని బంగాళాదుంపల మీద చల్లుకున్నాడు. ఆ తర్వాత వారమంతా మా బల్ల మీదికి రోజూ అన్నం వచ్చింది.

ఓడ ఎక్కేముందు, ఎక్కాక

ఓడ బయల్దేరే రోజునే విమానం దిగేలా పెట్టుకోకండి. విమానం ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు. ఒకరోజు ముందే చేరండి. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పస్సావ్‌కి నేరుగా ఐసీఈ అనే వేగపు రైలు నాలుగు గంటల పైచిలుకు. పస్సావ్‌లో మూడు నదులు కలుస్తాయి: డాన్యూబ్, ఇన్, ఇల్జ్. కలిసిన చోట నీళ్లు మూడు రంగుల్లో కాసేపు విడివిడిగా పారతాయి. అక్కడి పెద్ద చర్చిలో 17,974 గొట్టాల ఆర్గన్ ఉంది, వేసవి నెలల్లో మధ్యాహ్నం కచేరీ పెడతారు. ముందురోజు వెళ్తే అది మీకు లాభం.

ఓడలో దినచర్య తేలికే. రాత్రి మర్నాటి కార్యక్రమం కాగితం గదిలోకి వస్తుంది. దాని మీద ఓడ బయల్దేరే సమయాన్ని ఫోటో తీసుకోండి, ఓడ కట్టిన చోటుని ఫోను మ్యాపులో గుర్తు పెట్టుకోండి. కొన్ని ఊళ్లలో మిమ్మల్ని దింపిన చోట కాక వేరే రేవులో ఎక్కించుకుంటారు. దిగేటప్పుడు గది కార్డు తప్పక గీయించుకుని వెళ్లండి, ఎవరు బయటున్నారో వాళ్లకి తెలిసేది దానితోనే.

కంపెనీ వాళ్ల తిప్పుళ్లన్నిటికీ వెళ్లక్కర్లేదు. మెల్క్ మఠానికి గైడుతోనే వెళ్లండి, లోపల ఏం చూస్తున్నామో చెప్పేవాళ్లు కావాలి. బ్రాటిస్లావాలో రేవు నుంచి పాత ఊరు నడిచిపోయే దూరమే, గైడు అక్కర్లేదు. వియన్నాలో ఓడలు సాధారణంగా రైష్‌బ్రూకె వంతెన దగ్గర కడతారు. అక్కడి ఫోర్‌గార్టెన్‌స్ట్రాసె స్టేషన్లో యూ1 మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ స్టెఫాన్స్‌ప్లాట్జ్, ఊరి నడిబొడ్డు. కాగితం టికెట్టైతే లోపలికి వెళ్లేముందు యంత్రంలో ముద్ర వేయించండి, లేకపోతే టికెట్టున్నా జరిమానానే. ఓడవాళ్లు అమ్మే సాయంత్రపు సంగీత కచేరీకి ధర బాగా ఉంటుంది. స్టేట్ ఒపేరాలో నిలబడి చూసే టికెట్లు చాలా చవక, జులై, ఆగస్టుల్లో మాత్రం ప్రదర్శనలు ఉండవు.

హంగరీలో యూరో కాదు, ఫోరింట్. కార్డు గీసేటప్పుడు యంత్రం "రూపాయల్లో కట్టమంటారా" అని అడిగితే వద్దనండి, ఆ దేశపు డబ్బే ఎంచుకోండి. లేకపోతే మారకంలో నష్టపోతారు. మరుగుదొడ్లకి చిల్లర నాణేలు జేబులో ఉంచుకోండి.

వంతెనలు తక్కువ ఎత్తులో ఉన్నచోట పై డెక్ మూసేస్తారు, కుర్చీలు మడిచేస్తారు, సరంగు కూర్చునే గది మొత్తం కిందికి దిగిపోతుంది. ఆ దృశ్యం వదులుకోకండి. ఎదురొచ్చే ఓడ కుడిపక్కన నీలం పలక, తెల్లదీపం మిణుకుమంటూ కనిపిస్తే, మామూలుకి భిన్నంగా అటువైపు నుంచి దాటుకుందామని సైగ. నాన్న మూడోరోజుకి ఏ ఓడ ఎటు తప్పుకుంటుందో ముందే చెప్పేసేవారు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి

ఓడలో లిఫ్టు ఉంటుంది, కానీ చాలా ఓడల్లో అది పై డెక్‌దాకా వెళ్లదు, అట్టడుగుకీ వెళ్లకపోవచ్చు. లిఫ్టు ఏయే అంతస్తుల్లో ఆగుతుందో అడిగి గది తీసుకోండి. అమ్మానాన్నలకి మాత్రం చవక గది అన్న నా సలహా పక్కన పెట్టండి. పక్కపక్కన కట్టిన ఓడలు దాటడానికి ఒక్కోసారి మెట్లెక్కి రెండో ఓడ మీదుగా దిగాలి. నీళ్లు తగ్గితే గట్టుకి వేసే బల్ల నిటారుగా అవుతుంది. చాలా కంపెనీలు నెమ్మదిగా నడిచేవాళ్లకి వేరే గుంపు కడతాయి. అందులో చేరడానికి మొహమాటపడకండి. ఓడలో డాక్టరు సాధారణంగా ఉండడు, రేవు దగ్గర్లో ఆసుపత్రికి తీసుకెళ్తారు. మందుల చీటీ ఇంగ్లీషులో, మందుల అసలు పేర్లతో రాయించుకుని వెళ్లండి.

అంత డబ్బు లేకపోతే

ఏటి అందమంతా ఓడ కంపెనీల సొత్తేం కాదు. క్రెమ్స్, మెల్క్‌ల మధ్య వేసవిలో పగటి పడవలు తిరుగుతాయి, వియన్నా నుంచి రైల్లో వెళ్లి ఒక్క రోజులో వాఖావ్ చూసి రావచ్చు. వియన్నా నుంచి బ్రాటిస్లావాకి ట్విన్ సిటీ లైనర్ పడవ సుమారు గంటంబావు. రైన్ లోయలో కేడీ కంపెనీ పడవలు 1826 నుంచి నడుస్తున్నాయి, రూడెస్‌హైమ్‌లో ఎక్కి సాంక్ట్ గోఆర్స్‌హౌజెన్ దగ్గర దిగి రైల్లో వెనక్కి రావచ్చు. నాకు మొదటిసారి దక్కని పగలు ఈ దారిన పదో వంతు ఖర్చుకే దక్కేది.

చివరి రెండు రోజులు

ఆఖరి రాత్రి పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు. పాస్‌పోర్టు, మందులు, మర్నాటి బట్టలు అందులోకి పోకుండా చూసుకోండి. పొద్దున ఎనిమిది, తొమ్మిదింటికల్లా గది ఖాళీ చేయాలి. మధ్యాహ్నం లోపు విమానం పెట్టుకుంటే తెల్లవారుజామున పరుగులే.

బుడాపెస్ట్ చేరే రాత్రి మాత్రం భోజనం దగ్గర తీపి వచ్చేదాకా కూర్చోకండి. కోటు వేసుకుని ఇరవై నిమిషాల ముందే పై డెక్‌కి ఎక్కి, ముందు కొసన ఎడమ పక్క కమ్మీ పట్టుకోండి. ఎగువ నుంచి దిగువకు వస్తున్నారు కాబట్టి 268 మీటర్ల పొడవున్న పార్లమెంటు భవనం దీపాలతో ఎడమ గట్టు మీద వస్తుంది. అది దాటగానే కుడివైపుకి మారండి, కొండ మీద బుడా కోట. ఎదురుగా 1849 నాటి గొలుసు వంతెన.

మా అమ్మ అటూ ఇటూ పరిగెత్తలేక మధ్యలో కుర్చీ వేయించుకుంది. అన్నిటికంటే మంచి చోటు అదే అని నాకు తర్వాత తెలిసింది.